ఎర్రమందుకీ తెల్లమద్దికీ మధ్య అక్క

ఆ మందు రంగు నాకు ముందే తెలుసు. నెల్లూరు ఆస్పత్రిలో అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటే, నర్సు లావుపాటి సిరంజి పట్టుకొని వచ్చింది. అందులో దానిమ్మ రసంలాంటి ఎర్రటి మందు. "భయపడొద్దమ్మా, రేపు ఒంటేలు ఎర్రగా వస్తాది, రక్తం కాదు, ఈ మందే," అని అక్కకు చెప్పి, సెలైన్ గొట్టానికి సిరంజి బిగించింది. అక్క సరేనన్నట్టు తలూపి కళ్ళు మూసుకుంది. నేను మాత్రం గొట్టంలో మెల్లగా పాకుతున్న ఆ ఎరుపునే చూస్తూ ఉండిపోయాను.

నేను అదే ఊళ్ళో ఒక ఫార్మసీ కాలేజీలో పరిశోధన చేస్తున్నాను. మా ల్యాబులో ఆ మందును ఎలుకలకు ఎక్కిస్తాం. వాటికి క్యాన్సర్ ఉండదు. వాటి గుండె పాడుచేయడానికే ఎక్కిస్తాం. క్యాన్సర్ గడ్డను కరిగించడంలో ఆ మందు ఎంత గట్టిదో, గుండె కండరాన్ని దెబ్బతీయడంలోనూ అంతే గట్టిది. అందరికీ అట్లా జరగదు, కానీ ఎవరికి జరుగుతుందో ముందుగా చెప్పలేం. చెట్ల బెరడుల్లో, ఆకుల్లో, గింజల్లో ఉండే కొన్ని పదార్థాలు ఆ దెబ్బ నుంచి గుండెను కాపాడగలవా అన్నది మా ప్రశ్న. నా వంతుకు వచ్చింది తెల్లమద్ది. ఆ చెట్టు బెరడు పొడి గుండెకు మంచిదని ఆయుర్వేదం ఎప్పటినుంచో చెబుతోంది. దాని సారం తీసి, సన్నటి గొట్టంతో ఎలుకల నోట్లో పోసి, ఆ తర్వాత ఎర్రమందు ఎక్కించి, చివరికి వాటి గుండెలు తీసి, పల్చటి పొరలుగా కోసి, మైక్రోస్కోపు కింద చూసేదాన్ని. బాగున్న గుండెలో కండరపు పోగులు పేనిన తాళ్ళలా వరసగా ఉంటాయి. ఎర్రమందు మాత్రమే ఎక్కించిన గుండెలో ఆ తాళ్ళు పురుగు తొలిచినట్టు బొక్కలు పడి, అక్కడక్కడ తెగిపోయి కనబడతాయి.

ఆ రోజు అక్క చెయ్యి పట్టుకొని కూర్చుంటే నాకు అవే కనబడ్డాయి.

అక్కవాళ్ళది మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఒక చిన్న పల్లె. బావ ఫైబర్ బోటు మీద వేటకు పోతాడు. అక్క చేపల గంప ఆటోలో వేసుకొని ఇందుకూరుపేటకు పోయి అమ్ముకొస్తుంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు తల దువ్వింది, బడికి పంపింది, కాలేజీలో చేరతానంటే బావను ఒప్పించింది అక్కే. ఆమెకు రొమ్ములో గడ్డ ఉన్న సంగతి నాకు తెలిసేసరికి అది నిమ్మకాయంత అయింది. "నొప్పి లేదు కదా అని ఊరుకున్నామే," అంది. గడ్డ పెద్దది కాబట్టి ముందు కీమో ఇచ్చి దాన్ని చిన్నది చేసి, తర్వాత ఆపరేషన్ చేస్తామన్నాడు క్యాన్సర్ డాక్టరు. కీమో మొదలుపెట్టే ముందు గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో చూసే ఎకో పరీక్ష చేయించాడు. గుండె బాగుందన్నారు. ఆ మాట విని బావ ఊపిరి పీల్చుకున్నాడు. నాకు మాత్రం ఆ కాగితం ఒక లెక్క మొదలైనట్టు అనిపించింది. ఇక్కడి నుంచి ఆ బలం ఎంత తగ్గుతుందో చూడాలి.

మొదటి ఇంజక్షన్ తర్వాత అక్క జుట్టు ఊడిపోయింది. రెండోదానికి గడ్డ మెత్తబడిందని తనే తడుముకొని చెప్పింది. మందు పనిచేస్తోంది. అది సంతోషించాల్సిన మాట. నేను సంతోషించాను కూడా. కానీ వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఇంట్లో నడుస్తుంటే ఊపిరి వినేదాన్ని. నీళ్ళ బిందె దించాక ఎంతసేపు నిలబడుతోందో, మాట మధ్యలో ఆగుతోందా అని చూసేదాన్ని. పాదాలు వాచాయా అని చూడటానికి ఏదో వంకతో కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం వాకిట్లో ఎండు చేపలు ఆరేస్తూ అక్కే అడిగింది.

"అమ్మే, నువ్వు ఎలకలకి ఇచ్చే మందు, నాకిచ్చే మందు ఒకటేనంట కదా. మీ బావ చెప్పినాడు."

బావకు చెప్పింది నేనే. ఆయన అడిగితే దాచలేకపోయాను.

"అదేక్కా."

"మరి ఆ బెరడు పోసిన ఎలకలు బాగుండాయా?"

"పోయనివాటి కంటే బాగున్నాయి."

అక్క చేతిలో చేపను బుట్టలో వేసి నా వైపు తిరిగింది. "అయితే నాకెందుకు ఈవు?"

నేను చెప్పడానికి ప్రయత్నించాను. ఆ ఎలుకలకు గడ్డ లేదు. బెరడులో ఉన్న పదార్థం ఎర్రమందు పుట్టించే విషాన్ని గుండె దగ్గర విరగ్గొడుతుంది. కానీ అదే విషం కదా గడ్డను కూడా చంపేది. గుండెను కాపాడే వస్తువు గడ్డ దగ్గరికి పోయి దాన్నీ కాపాడదని ఎవరు చెప్పగలరు? పైగా మనిషి కాలేయం ఈ రెంటినీ కలిపి ఏం చేస్తుందో తెలియదు. ఎలుకకు సరిపోయిన మోతాదు మనిషికి ఎంతో తెలియదు.

అక్క ఓపిగ్గా వింది. చివరికి, "ఆ ఎలకల గుండె బాగుండాదని మీకెట్టా తెలిసింది?" అని అడిగింది.

నేను ఒక చేపను తీసి తిరగేసి ఆరేశాను.

"కోసి చూస్తారా?"

"ఆఁ."

ఆమె మళ్ళీ చేపలవైపు తిరిగింది. కాసేపటికి, "సరేలే, వొద్దులే," అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. అక్క ఒక మాట వదిలేసిందంటే దాన్ని మనసులో ఎక్కడో పెట్టుకుందని అర్థం.

మూడో ఇంజక్షన్ అయ్యాక ల్యాబులో పని ఎక్కువై కొన్నాళ్ళు పల్లెకు పోలేకపోయాను. అప్పటికి ఎండలు ముదిరాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేసే రోజులు. బోట్లన్నీ ఇసుకలోకి లాగేసి ఉన్నాయి. ఫోన్ చేస్తే అక్క "బాగానే ఉండా" అనేది. ఆ రెండు మాటల మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకున్నట్టు అనిపించి, మరునాడు కాలేజీకి సెలవు పెట్టి బయల్దేరాను. దారి పొడుగునా రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆటోలో కూర్చుని, ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అని నాకు నేనే చెప్పుకుంటూ పోయాను.

ఇంటి వెనక పంచలో బావ పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద కుండలో ఏదో మరుగుతోంది. వాసన ముందు తగిలింది. ఆ వగరు వాసన నా బట్టలకు, జుట్టుకు ఏళ్ళ తరబడి పట్టిందే. కుండలో నీళ్ళు ఇటుక పొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి. గోడ పక్కన గోనెసంచిలో, లోపలివైపు ఎర్రగా, పైన బూడిద రంగులో, చేతి వెడల్పు బెరడు చెక్కలు.

"ఇదెక్కడిది బావా?" అన్నాను.

"ఉదయగిరి అవతల కొండల కాడికి పోయినా. వాగుల ఒడ్డున ఉంటాయంట కదా మద్ది చెట్లు. ఆడ ఉండే వోళ్ళని అడిగితే చూపించినారు. మందుల షాపులో పొడి మంచిదో కాదో ఎవురికి తెలుసు. అందుకే చెట్టు కాడికే పోయినా." నా మొహం చూసి ఆగాడు. "వేట లేదు గదమ్మా. చేతులు కట్టుకొని దాన్ని చూస్తా కూచోలేకపోయినా."

సముద్రం తప్ప ఇంకో దిక్కు ఎరుగని మనిషి. బస్సులు మారి కొండలకు పోయి, తెలియని చెట్టు దగ్గర నిలబడి బెరడు ఒలిపించుకొని మోసుకొచ్చాడు. అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. "ఎప్పటినుంచి తాగుతోంది?" అని మాత్రం అడిగాను.

"పోయిన ఇంజక్షన్‌కి ముందునించే. పొద్దన ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు."

అంటే ఎర్రమందు ఒంట్లో ఉన్న రోజుల్లోనే, దానితోపాటే.

అక్క లోపలి గదిలో దిండ్లు ఎత్తుగా వేసుకొని పడుకొని ఉంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. నన్ను చూసి లేచి కూర్చోబోయి, ఆ కాస్తకే ఆయాసపడింది. నేను ఆమె కాలి మడమ దగ్గర వేలితో నొక్కాను. వేలు తీశాక గుంట అట్లాగే ఉండిపోయింది. ఆ గుంటను చూస్తుంటే నా చెవుల్లో హోరు మొదలైంది. బయట సముద్రమో నా రక్తమో తెలియలేదు.

"తిట్టొద్దు మీ బావని. నేనే తెమ్మన్నా," అంది అక్క.

"తిట్టను."

"నువ్వు ఈనంటివి. ఎలకలకి ఇస్తావు, నాకు ఈవు. భయమేసిందిమే నాకు. మందు లోపలికి పోతా ఉంటే గుండెకాయ కరిగిపోతున్నట్టే ఉంటాది."

ఇన్నాళ్ళూ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. మంచం మీద కళ్ళు మూసుకొని తలూపిన ప్రతిసారీ ఆమె కూడా అదే భయంతో ఉందని అప్పుడు తెలిసింది.

ఆ కాసేపట్లో నా తలలో ఎన్ని తిరిగాయో చెప్పలేను. ఈ ఆయాసం ఎర్రమందు వల్లే వచ్చిందా? బెరడు ఎర్రమందును ఒంట్లోంచి త్వరగా పోనివ్వకుండా ఆపి, దెబ్బను పెంచిందా? లేక బెరడు తాగకపోతే ఇంకా ఘోరంగా ఉండేదా? మా ల్యాబులో అయితే ఒక గుంపుకు ఇది, ఒక గుంపుకు అది ఇచ్చి పోల్చి చూస్తాం. అక్క ఒక్కతే. ఆమెను ఆమెతో పోల్చుకోవడానికి ఇంకో అక్క లేదు.

నా పరిశోధనకు గైడుగా ఉన్న మేడమ్‌కు ఫోన్ చేశాను. నా మాటలు తడబడుతుంటే ఆమె ఆపి, "ఆయాసం, కాళ్ళ వాపు రెండూ ఉన్నాయా? అయితే ఆలోచించకు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపో. బెరడు సంగతి డాక్టరుకు దాచొద్దు. ఒక చెక్క కూడా పట్టుకుపో," అంది.

బావ బండి మాట్లాడాడు. బెరడు ముక్క నా సంచిలో కాగితంలో చుట్టి ఉంది. కిటికీ అవతల సరుగుడు తోటలు, గుంటలు, ఎండిన పొలాలు పోతుంటే, అక్క తల నా భుజం మీద ఆనుకొని ఉంది. నేను లోలోపల ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను. ప్రతి ఊపిరికీ తర్వాతి ఊపిరికీ మధ్య చిన్న ఖాళీ ఉండేది.

డాక్టరు ముందుగా అక్కను చూసి, వెంటనే నీరు తగ్గే ఇంజక్షన్ ఇప్పించాడు. తర్వాత ఎకో గదికి పంపాడు. నన్ను లోపలికి రానిచ్చారు. చీకటి గదిలో తెర మీద అక్క గుండె బూడిద రంగులో కనబడింది. గుండె బొమ్మలు, ఎలుకల గుండెలు చాలా చూశాను. బతికున్న మనిషి గుండె, అదీ నాకు తెలిసిన మనిషిది, కొట్టుకుంటూ చూడటం అదే మొదలు. గోడ గట్టిగా పిడికిలి బిగించినట్టు దగ్గరికి రావాలి. అది అలసిపోయిన చెయ్యిలా మెల్లగా ముడుచుకొని, సగంలోనే వదిలేస్తోంది. పరీక్ష చేస్తున్న అమ్మాయి కొలతలు తీస్తూ ఒకసారి నా వైపు చూసి చూపు తిప్పుకుంది. చాలా తగ్గిందని ఆ చూపుతోనే అర్థమైంది.

డాక్టరు గదిలో బావ నిలబడే చెప్పాడు. "నేనే చేసినా సార్. కొండకి పోయి తెచ్చినా. దాని తప్పేం లేదు, ఈ అమ్మాయి తప్పు కూడా లేదు."

డాక్టరు బెరడు ముక్కను చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "దీన్నే మీరు చూస్తున్నారా ల్యాబులో?" అని నన్ను అడిగాడు.

"అవును సార్. ఎలుకల్లో కాపాడుతోంది. మనుషుల్లో తెలియదు."

"నాకూ తెలియదు. తెలియనిదాన్ని ఈ మందుతో కలపడమంటే నాకు భయం." బావ వైపు తిరిగాడు. "కూర్చోండి. ఇది తాగకపోయినా గుండెకు ఇట్లా అయ్యేదేమో. చాలామందికి అవుతుంది. దీని వల్లే అయిందని నేను అనను, కాలేదని కూడా అనలేను. ఇకనుంచి ఆపండి. ఏం తాగించాలన్నా నన్ను అడిగి తాగించండి, నేను కోప్పడను."

బావ కూర్చోలేదు. చేతిలోని కండువాను పిండుతూ అట్లాగే నిలబడ్డాడు.

ఎర్రమందు ఆపేశారు. ఇంకొక్క ఇంజక్షన్ మిగిలి ఉంది, అది ఇవ్వలేదు. గుండెకు మాత్రలు రాసి, గుండె డాక్టరుకు కూడా చూపించారు. కొన్నాళ్ళు ఏ కీమో లేకుండా ఉంచారు. ఆ రోజులు నాకు అన్నిటికంటే చెడ్డవి. గుండె కోలుకోవాలంటే మందు ఆగాలి. మందు ఆగితే గడ్డ మళ్ళీ పెరుగుతుందేమో. పొద్దున అక్క మొహం కాస్త తేటగా ఉంటే గుండె సంగతి మర్చిపోయి గడ్డ సంగతి గుర్తొచ్చేది. స్నానం చేయించేటప్పుడు నేను కళ్ళు అటు పోనివ్వకుండా ఉండాలని చూసేదాన్ని, కానీ చెయ్యి తనంతట తనే అక్కడికి పోయేది. "ఎంతుండాది?" అని అక్క అడిగేది. "అంతే ఉంది," అనేదాన్ని. నిజంగానే అంతే ఉంది.

వాపు దిగి, ఆయాసం తగ్గాక డాక్టరు వేరే కీమో మొదలుపెట్టాడు. ఇది గుండె మీద అంతగా దెబ్బ కొట్టేది కాదు, తెల్లగా నీళ్ళలా ఉండే మందు. అది మొదట ఎక్కడినుంచి వచ్చిందో అక్కకు చెప్పాను. చలి దేశాల అడవుల్లో పెరిగే ఒక చెట్టు బెరడులోంచి.

అక్క ఆశ్చర్యంగా నా వైపు చూసింది. ఆ నెలల్లో మొదటిసారి పెద్దగా నవ్వింది. "ఇదీ బెరడేనా? మీ బావకి చెప్పబాకు. మళ్ళీ బస్సెక్కతాడు."

నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే సెలైన్ చుక్కలు పడటం ఆగినట్టనిపించి తలెత్తి చూశాను. పడుతూనే ఉన్నాయి.

ఆ మందుకు అక్క అరికాళ్ళు తిమ్మిరెక్కాయి, గోళ్ళు నల్లబడ్డాయి. కానీ గడ్డ తగ్గింది. వానలు మొదలయ్యే వేళకు ఆపరేషన్ చేశారు. గుండె అట్లా ఉన్న మనిషికి మత్తు ఇస్తున్నారన్న భయంతో ఆపరేషన్ గది తలుపు ముందు నేనూ బావా గడిపిన పొద్దు గురించి రాయాలంటే చేతకావడం లేదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఇద్దరం ఒకేసారి లేచేవాళ్ళం. ఎవరో వేరే పనిమీద బయటికి వచ్చేవారు. మళ్ళీ కూర్చునేవాళ్ళం. చివరికి డాక్టరే వచ్చి, "బాగా అయింది," అన్నాడు. బావ ఆ మాట విని కండువాతో మొహం తుడుచుకొని, అక్కను ఎప్పుడు చూడనిస్తారని అడిగాడు.

ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంటుంది. గంప ఎత్తనివ్వడం లేదు. బోట్లు వచ్చే వేళకు ఒడ్డు దాకా నడిచి, చేపలు ఏం పడ్డాయో చూసి వస్తుంది. ఇసుకలో నడవడం కష్టం కాబట్టి మధ్యలో రెండు చోట్ల ఆగుతుంది. ఆగినప్పుడు సముద్రాన్ని చూస్తున్నట్టు నిలబడుతుంది, కానీ ఊపిరి కోసమేనని నాకు తెలుసు. గుండె బలం కొంత పెరిగింది గానీ మొదట ఉన్నంతకు రాలేదు. వస్తుందో లేదో చెప్పలేమన్నారు. మాత్రలు రోజూ వేసుకోవాలి. ఎకో పరీక్షకు పోయే రోజు దగ్గర పడుతుంటే నాకు అన్నం సయించదు.

ల్యాబులో నేను తెల్లమద్ది పని వదల్లేదు. వదిలేద్దామా అని మేడమ్ ఒకసారి అడిగింది. వద్దన్నాను. ఇప్పుడు గడ్డ ఉన్న ఎలుకలకు కూడా ఎర్రమందూ బెరడు సారమూ కలిపి ఇచ్చి చూస్తున్నాం. గుండెతోపాటు గడ్డనూ కొలుస్తున్నాం. ముందే చేయాల్సిన పని అది. అక్క అడిగిన రోజున నా దగ్గర లేని జవాబు అందులోనే ఉండాలి. ఇంకా తేలలేదు. తేలినా అది ఎలుకల సంగతే అవుతుంది, అక్క సంగతి కాదు. అయినా స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి కంటిని దించే ముందు ఒక్క క్షణం ఆగిపోతున్నాను.

మొన్న పల్లెకు పోతే బావ ఒడ్డున వల బాగుచేసుకుంటూ కనబడ్డాడు. పక్కన కూర్చున్నాను. ఆయన ముడులు వేస్తూ ఉన్నాడు.

"అమ్మా, ఆ కషాయం వల్లే దాని గుండె అట్టా అయిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"తెలియదు బావా. డాక్టరు కూడా తెలియదనే కదా అన్నాడు."

"నువ్వు కనుక్కుంటుండావంట కదా. అక్క చెప్పింది."

"ఆఁ."

"తెలిస్తే నాకు చెప్పు. దాపెట్టబాకు."

చెప్తానన్నాను. ఆయన సరేనని తల ఊపి, తెగిన చోటు వెతుక్కుంటూ వలను ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు. ఆయన చేతులు గట్టివి, సముద్రం ఎంత ఎగిసినా తడబడని చేతులు. ఆ రోజు వల దారం సూదిలోకి ఎక్కించడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.